మేటి ముష్టియోధుడెవరు?

తీరిక దొరికిన నలుగురు ఒకచోట చేరితే, ఎవరు గొప్ప అనే ప్రశ్న రాక మానదు. నన్నయ గొప్పవాడా, తిక్కన గొప్పవాడా అని పండితులు వాదించుకొంటారు. కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా అని రచ్చబండ మీద పెద్దలు వాదించుకొంటారు. ఈ వాదములు తరతరాలుగా సాగుతున్నవి. ఇవి తేలలేదు, తేల్చవలెనన్న తొందర కూడ ఎవరికీ ఉన్నట్లు కనబడదు.

కవుల మాట వేరు, యోధుల మాట వేరు అని మీరనవచ్చును. ఇద్దరు కవులను ఎదురెదురుగా నిలిపి పోరాడించలేము. ఇద్దరు యోధులను నిలుపవచ్చును. ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడుతాడు, గెలిచినవాడు గొప్ప. ఇంతకన్న తేలికైన లెక్క మరేమున్నది?

ఈ తేలికైన లెక్క ఎంతవరకు నిలుస్తుందో ఈ ప్రసంగములో పరిశీలించదలచినాను. అందుకు ఎన్నుకొన్నది ముష్టియుద్ధము, అనగా బాక్సింగు. ముష్టి అనగానే మనకు బిచ్చము స్ఫురిస్తుంది. పిడికెడు గింజలు పెట్టేది గనుక దానికా పేరు వచ్చినది. ఆ పిడికిలినే బిగించి, దానికి తోలు తొడుగు తొడిగి, నాలుగు ప్రక్కల త్రాళ్లు కట్టిన బరిలో ఎదుటివానితో తలపడే విద్య బాక్సింగు. మూడు నిమిషముల పోరాటమును ఒక రౌండు అంటారు. రౌండుకు రౌండుకు నడుమ ఒక నిమిషము విశ్రాంతి. పడినవాడు పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్లు. ఇద్దరూ చివరివరకు నిలిస్తే న్యాయనిర్ణేతలు లెక్క చూచి విజేతను ప్రకటిస్తారు.

శరీరపు బరువును బట్టి ఈ యోధులను తరగతులుగా విభజిస్తారు. అన్నిటికంటె పై తరగతి హెవీవెయిట్. మనము చెప్పుకోబోయే కాలములో 175 పౌనులకు మించిన వారందరు ఆ తరగతికి చెందినవారే. ఆ తరగతిలో 1970 మొదలు 1978 వరకు నడచిన కాలమును స్వర్ణయుగమని క్రీడాభిమానులు చెప్పుకొంటారు. ఒక్క కాలములోనే ముగ్గురు ఒలింపిక్ స్వర్ణపతక విజేతలు ఆ బరిలో తారసిల్లినారు. 1960లో రోము నగరములో పతకము పొందిన ముహమ్మద్ ఆలీ. అప్పటికి ఆయన పేరు కాషియస్ క్లే. 1964లో టోకియోలో పతకము పొందిన జో ఫ్రేజియర్. 1968లో మెక్సికో నగరములో పతకము పొందిన జార్జ్ ఫోర్మన్. పతకము లేకున్నను వీరి ప్రక్కన నిలువదగిన నాలుగవవాడు కెన్ నార్టన్. నలుగురూ అమెరికా దేశపు నీగ్రో జాతివారే. నేటి మాటలో చెప్పాలంటే ఆఫ్రికన్ అమెరికనులు. ఈ నలుగురిలో మేటి ఎవరు? వారి వెనుక వరుస ఏది?

ముందు గెలుపు ఓటముల లెక్కతోనే చూతాము.

1971 మార్చి 8వ తేదీన న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లో ఆలీ, ఫ్రేజియర్ తలపడినారు. అప్పటికి ఆలీ 31 పోటీలలోను, ఫ్రేజియర్ 26 పోటీలలోను ఓటమి ఎరుగని వారు. 15 రౌండ్లు పోరు సాగినది. చివరి రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్, అనగా ప్రక్కనుంచి కొడవలివలె వంగి వచ్చే గుద్దు, ఆలీ దవడకు తగిలి ఆయనను వెల్లకిల పడవేసినది. ఆలీ వెంటనే లేచినాడు; కాని తీర్పు ఏకగ్రీవముగా ఫ్రేజియర్ పక్షమైనది. కనుక ఆలీ కంటె ఫ్రేజియర్ గొప్ప.

1973 జనవరి 22వ తేదీన జమైకాలోని కింగ్స్టన్ లో ఫ్రేజియర్, ఫోర్మన్ తలపడినారు. రెండు రౌండ్లు పూర్తికాకముందే ఫోర్మన్ ఆయనను ఆరుమార్లు నేల కూల్చినాడు. రిఫరీ పోరు నిలిపివేసినాడు. కనుక ఫ్రేజియర్ కంటె ఫోర్మన్ గొప్ప.

అదే సంవత్సరము మార్చి 31వ తేదీన సాన్ డియాగోలో నార్టన్ చేతిలో ఆలీ ఓడిపోయినాడు; దవడ ఎముక కూడ విరిగినది. ఆ నార్టన్ ను మరుసటి ఏడు మార్చిలో వెనిజులా రాజధాని కరాకస్ లో ఫోర్మన్ రెండు రౌండ్లలోనే పడగొట్టినాడు. అనగా ఆలీని ఓడించిన ఇద్దరిని ఫోర్మన్ నాలుగు రౌండ్లకు మించకుండ ముగించివేసినాడు. ఇక ఫోర్మన్ ముందు ఆలీ నిలుచుటెట్లు?

1974 అక్టోబరు 30వ తేదీన ఆఫ్రికాలో, అప్పుడు జైరే అని పిలువబడిన కాంగో దేశపు రాజధాని కిన్షాసాలో ఆలీ, ఫోర్మన్ తలపడినారు. ఫోర్మన్ కు 25 ఏండ్లు, ఆలీకి 32 ఏండ్లు. ఫోర్మన్ అప్పటికి 40 పోటీలకు 40 గెలిచినవాడు. వాటిలో 37 పోటీలలో ఎదుటివాడు చివరివరకు నిలువనేలేదు. ఆ ఫోర్మన్ ను ఆలీ ఎనిమిదవ రౌండులో పడగొట్టినాడు. కనుక ఫోర్మన్ కంటె ఆలీ గొప్ప.

తాడిని తన్నేవాడుంటే వాని తల తన్నేవాడుంటాడని మన సామెత. ఆ సామెత నిచ్చెనవలె పైకి పోతుంది. ఈ యోధుల కథ మాత్రము గానుగ చుట్టు ఎద్దు తిరిగినట్లు మొదటికే వచ్చినది. ఆలీని ఫ్రేజియర్, ఫ్రేజియర్ ను ఫోర్మన్, ఫోర్మన్ ను ఆలీ ఓడించినారు. గెలిచినవాడే గొప్ప అనే సూత్రము ఇక్కడ ముగ్గురినీ మొదటి స్థానములోను, ముగ్గురినీ చివరి స్థానములోను నిలుపుతున్నది.

ఇది విధివిలాసము కాదు. దీనికి కారణము ఉన్నది. ఒక్కొక్క యోధుని పద్ధతి ఒక్కొక్క పద్ధతికి మందు, మరొక పద్ధతికి మేత. ఫ్రేజియర్ పొట్టివాడు. వంగి, తల ఇటు అటు ఊపుతూ, ఎదుటివాని దెబ్బల క్రిందుగా చొచ్చుకొనిపోయి, దగ్గరనుండి ఎడమచేయి విసరుట ఆయన విద్య. పొడుగు చేతులతో దూరమున ఉండి కొట్టే ఆలీకి, దగ్గరకు వచ్చి ఊపిరి తీసుకోనీయని ఇట్టివాడు కంటకము. అయితే ఆ విధముగా వంగి ముందుకు వచ్చే తల, క్రిందినుంచి పైకి గుద్దే ఫోర్మన్ పిడికిటికి తనంతట తాను అందివచ్చిన పండు. ఫోర్మన్ బలమంతా మొదటి రౌండ్లలో ఉన్నది. ఎదుటివాడు త్వరలో పడకపోతే ఆయన చేతులే బరువెక్కుతవి. ఆ సంగతి గ్రహించిన ఆలీ త్రాళ్లకు ఆనుకొని, చేతులు ముఖమునకు అడ్డము పెట్టుకొని, ఏడు రౌండ్లు కొట్టించుకొని, అలసిన ఫోర్మన్ ను ఎనిమిదవ రౌండులో పడగొట్టినాడు. అగ్నిని నీరు చల్లార్చుతుంది. నీటిని మట్టి పీల్చుతుంది. మట్టి కుండను అగ్ని కాల్చుతుంది. వీటిలో ఏది గొప్ప అని అడిగితే ఎవరేమి చెప్పగలరు?

ఒక్కొక్కరు ఒక్కొక్కసారి తలపడినంత మాత్రాన ఏమి తెలుస్తుంది, అన్ని పోటీలు కలిపి లెక్క కట్టవలెను గదా అని లెక్కలు తెలిసిన శ్రోతలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అట్లే చేయుదము. ఆలీ, ఫ్రేజియర్ మూడుసార్లు తలపడినారు. ఆలీ రెండు, ఫ్రేజియర్ ఒకటి. ఆలీ, నార్టన్ మూడుసార్లు తలపడినారు. ఆలీ రెండు, నార్టన్ ఒకటి. ఫోర్మన్, ఫ్రేజియర్ రెండుసార్లు. రెండూ ఫోర్మన్ వే. ఫోర్మన్, నార్టన్ ఒక్కసారి. అది ఫోర్మన్ దే. ఆలీ, ఫోర్మన్ ఒక్కసారి, అది ఆలీది. ఫ్రేజియర్, నార్టన్ ఎన్నడును తలపడలేదు. ఈ మొత్తము ప్రకారము ఆలీ మొదటివాడు, ఫోర్మన్ రెండవవాడు. చిక్కు విడిపోయినట్లే కనబడుతుంది.

కాని ఈ మొత్తములో తేదీలు లేవు. ఫోర్మన్ రెండవసారి ఫ్రేజియర్ ను ఓడించినది 1976 జూనులో. అంతకు తొమ్మిది నెలల ముందు మనీలా నగరములో ఆలీతో పోరాడి వచ్చిన ఫ్రేజియర్ లో మునుపటి ఫ్రేజియర్ చాలవరకు మిగిలి లేడు. అట్లే 1976 సెప్టెంబరులో న్యూయార్కులో ఆలీ మూడవసారి నార్టన్ పై గెలిచినప్పుడు, ఆ తీర్పు నార్టన్ కు రావలసినదని చూచినవారిలో పలువురు భావించినారు. అది 15 రౌండ్ల పోరు. అంతకుముందు రెండు పోటీలు పన్నెండేసి రౌండ్లు. మొత్తము 39 రౌండ్లు పోరాడి కూడ ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువో నిస్సందేహముగా తేలలేదు. రెండు, ఒకటి అనే అంకెలలో ఈ సందేహమునకు చోటు లేదు.

తీర్పు సంగతి వచ్చినది గనుక మరొక మాట. 1971 నాటి పోరులో ఫ్రేజియర్ విజయము ఏకగ్రీవమని చెప్పినాను. ఆ ఏకగ్రీవములోని వివరములు వినండి. రిఫరీ లెక్కలో ఫ్రేజియర్ కు 8 రౌండ్లు, ఆలీకి 6, ఒకటి సమము. ఒక న్యాయనిర్ణేత లెక్కలో 9, 6. మరొక న్యాయనిర్ణేత లెక్కలో 11, 4. ముగ్గురూ అనుభవజ్ఞులే. ముగ్గురూ బరి దగ్గరనుండి ఒక్క పోరునే చూచినారు. ఒకరి కంటికి అది సరిసమానమునకు దగ్గరి పోరు. మరొకరి కంటికి ఏకపక్షమైన పోరు. ఒకరు తగిలిన దెబ్బల సంఖ్య చూచినారేమో, ఒకరు దెబ్బ బరువు చూచినారేమో. ఒక్క రాత్రి పోరునకే ఇన్ని లెక్కలున్నప్పుడు, ఒక యుగమునకంతటికీ ఒకే లెక్క కట్టుట ఎంత కష్టమో ఊహించుకోవచ్చును.

మనుష్యుల కన్ను పక్షపాతమునకు లోబడుతుంది, యంత్రమునకు అప్పగిస్తే సరిపోతుంది గదా అని కొందరికి తోచినది. ఆ ప్రయత్నము జరిగినది రేడియోలోనే గనుక మనకు ఆసక్తి కలిగించే విషయము. 1967లో అమెరికాలో మర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత, వేర్వేరు కాలములకు చెందిన హెవీవెయిట్ యోధుల వివరములను కంప్యూటరుకు అందజేసి, వారు పరస్పరము తలపడితే ఏమి జరుగునో లెక్క కట్టించినాడు. ఆ లెక్కను వ్యాఖ్యానముగా మలచి, నిజముగా జరుగుతున్న పోరువలె ప్రసారము చేసినాడు. కూర్చున్నచోటినుంచే జనసమ్మర్దమును సృష్టించుట రేడియో వారికి తెలిసిన విద్యయే. ఆ పోటీలో చివరకు రాకీ మార్సియానో విజేత అయినాడు. ఆలీ మాత్రము, 1905లోనే ఛాంపియనుగా విరమించుకొన్న జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్లు యంత్రము చెప్పినది. ఆలీ ఊరుకోలేదు. తన ప్రతిష్ఠకు భంగము కలిగినదని పది లక్షల డాలర్లకు దావా వేసినాడు.

ఆ తగవు చివరకు ఒక చలనచిత్రముగా పరిణమించినది. 1969లో ఆలీ, మార్సియానో ఇద్దరూ కెమెరా ముందు అనేక ముగింపులతో పోరు అభినయించినారు. ఏ ముగింపు చూపవలెనో యంత్రము నిర్ణయిస్తుందని ప్రకటించినారు. చిత్రము ప్రదర్శింపబడకముందే, ఆ ఏడు ఆగస్టు 31వ తేదీన, మార్సియానో విమానప్రమాదములో మరణించినాడు. 1970 జనవరిలో అమెరికాలో చూపిన చిత్రములో 13వ రౌండులో మార్సియానో గెలిచినాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో ఆలీ గెలిచినాడు. సముద్రము దాటగానే యంత్రము తీర్పు మారినది! యంత్రము మనము వేసిన గింజలనే పిండి చేసి ఇచ్చే తిరుగలి వంటిది. ఏ గింజలు వేయవలెనో నిర్ణయించేది మనమే.

కనుక ప్రశ్న మళ్లీ మన దగ్గరకే వచ్చినది. వరుస పేర్చుటకు ముందు కొలబద్ద ఏదో చెప్పవలెను. కొలబద్దలు పెక్కు గలవు. ఒకడు తన శక్తి పరాకాష్ఠలో ఉన్న రాత్రి ఎంతటివాడు అనునది ఒక కొలత. ఎంతకాలము నిలిచినాడు అనునది మరొక కొలత. ఎటువంటి ప్రత్యర్థులను ఎదుర్కొన్నాడు అనునది మూడవ కొలత. ఏమి కోల్పోయి గెలిచినాడు అనునది నాలుగవది. కర్ణుని పక్షము వాదించేవారందరు ఈ నాలుగవ కొలతనే పట్టుకొంటారు. కవచకుండలములు పోయినవి, శాపములు తగిలినవి, సారథి శల్యుడైనాడు; ఇవేవీ లేకున్న ఏమయ్యేదో చూడుడని వారి వాదము. అర్జునుని పక్షము వారు జరిగినదే చూడుమంటారు. ఇద్దరూ వాదిస్తున్నది ఒకే ప్రశ్న గురించి కాదు. అందుకే ఆ వాదము తెగదు.

మొదటి కొలతతో చూస్తే, ఒక్క రాత్రి పోరుకు నేను ఫోర్మన్ నే ఎన్నుకోవలసి వస్తుంది. 1973, 1974 సంవత్సరములలో ఆయన ఫ్రేజియర్ ను, నార్టన్ ను కూల్చిన తీరులో ఆ యుగములో మరెవరూ వారిని కూల్చలేదు. రెండవ కొలతతో చూచినను ఫోర్మన్ ది విచిత్రమైన కథ. 1977లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి, బరి విడిచి, మతప్రచారకుడైనాడు. పదేండ్ల తరువాత, 1987లో తిరిగి వచ్చినాడు. 1994 నవంబరు 5వ తేదీన, 45 ఏండ్ల వయస్సులో, మైకేల్ మూరర్ ను పదవ రౌండులో పడగొట్టి మరల ప్రపంచ ఛాంపియన్ అయినాడు. ఇది అసాధారణము. అయితే అది మనము మాట్లాడుకొంటున్న యుగములో జరిగిన పని కాదు. ఒక యుగపు లెక్కలో మరొక యుగపు జమ వేయకూడదు. ఆ జమను ఆయన జీవితపు లెక్కలో వేసి గౌరవింతము.

మూడవ, నాలుగవ కొలతలతో చూస్తే ఆలీకి సాటి లేదు. 1967 ఏప్రిలులో వియత్నాం యుద్ధకాలమున సైన్యములో చేరుటకు ఆయన నిరాకరించినాడు. ఛాంపియన్ పదవి తీసివేసినారు. అయిదేండ్ల శిక్ష, 10,000 డాలర్ల జరిమానా విధించినారు. అప్పీలు నడుస్తున్నంతకాలము జైలు తప్పినది గాని, బరి మాత్రము మూతపడినది. 1967 మార్చినుండి 1970 అక్టోబరు వరకు, 25వ ఏటినుండి 28వ ఏటివరకు, ఆయన ఒక్క పోటీలోను పాల్గొనలేదు. ముష్టియోధునికి శరీరము పూర్ణబలముతో ఉండే ఏండ్లు అవి. 1971 జూనులో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. కాని పోయిన ఏండ్లను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

తిరిగి వచ్చిన ఆలీ పాత ఆలీ కాడు. 1964లో మయామీ బీచ్ లో సానీ లిస్టన్ ను ఓడించినప్పుడు ఆయన ఆయుధము కాళ్లు. దెబ్బ తగిలేచోట ఆయన ఉండేవాడు కాడు. 1970 తరువాత ఆ కాళ్లు నెమ్మదించినవి. అప్పుడు దెబ్బకు ఓర్చుకొని గెలిచే మరొక విద్య నేర్చినాడు. కిన్షాసాలో గెలిచినది ఆ విద్యతోనే. ఆ యుగములో తన్ను ఓడించిన ప్రతివానితోను మరల తలపడినాడు. ఫ్రేజియర్ ను, నార్టన్ ను, 1978లో లియాన్ స్పింక్స్ ను తిరిగి ఓడించి, మూడవసారి ఛాంపియన్ అయినాడు. ఈ కారణములచేత ఆ యుగములో మొదటి స్థానము ఆలీకే చెందుతుందని నా నిర్ణయము.

రెండవ స్థానము దగ్గర అసలు వివాదమున్నది. ఫోర్మన్ రెండుసార్లు ఓడించిన ఫ్రేజియర్ ను ఫోర్మన్ కంటె పైన నిలుపవచ్చునా? నిలుపవచ్చుననే నా అభిప్రాయము. కారణము చెప్పుతాను. మొదటివానిగా మనము ఒప్పుకొన్న ఆలీని, ఇద్దరూ ఓటమి ఎరుగని రోజున, 15 రౌండ్లు నిలిచి ఓడించినవాడు ఫ్రేజియర్. ఆయన జీవితమంతటిలోను పొందిన ఓటములు నాలుగు. రెండు ఆలీ చేత, రెండు ఫోర్మన్ చేత. మరెవరికీ ఆయన లొంగలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆలీ ఎంతటివాడో లోకమునకు తెలిసినది ఫ్రేజియర్ వల్లనే. ఆ ఇద్దరు మూడు పోటీలలో 41 రౌండ్లు పోరాడినారు. ఆ 41 రౌండ్లను తీసివేస్తే ఆలీ గొప్పతనములో సగము వినికిడిగానే మిగులుతుంది. బంగారము వన్నె గీటురాయి మీద తెలుస్తుంది గదా! ఫోర్మన్ నే రెండవవానిగా నిలిపే శ్రోతలతో నాకు కలహము లేదు. ఎవరు ఎవరిని పడగొట్టగలరని వారు అడుగుతున్నారు. ఎవరివల్ల ఆ యుగము అంత యుగమైనదని నేను అడుగుతున్నాను.

ఫ్రేజియర్ విషయములో ఇంత పట్టుపట్టుటకు మరొక కారణము గలదు. ఆలీకి నిషేధమున్న కాలములో ఆయనకు మరల అనుమతి ఈయవలెనని మాట్లాడినవారిలో ఫ్రేజియర్ ఒకడు. తరువాత పోటీల ప్రచారములో ఆలీ ఆయనను తెల్లవారి దాసుడని, గొరిల్లా అని పలుమార్లు ఎగతాళి చేసినాడు. బీద వ్యవసాయ కుటుంబములో పుట్టి, తోటి నల్లవారి నడుమ పెరిగి వచ్చిన ఫ్రేజియర్ ను ఆ మాటలు పిడిగుద్దుల కంటె లోతుగా గాయపరచినవి. 2001లో ఆలీ పత్రికాముఖమున క్షమాపణ చెప్పినాడు. ఫ్రేజియర్ నివసించిన ఫిలడెల్ఫియా నగరములో, 1976 నాటి చలనచిత్రములోని రాకీ అనే కల్పిత ముష్టియోధునికి శిల్పము ఎంతో కాలముగా నిలిచి ఉన్నది. నిజముగా ప్రపంచ ఛాంపియన్ అయిన ఫ్రేజియర్ కు ఆ నగరములో శిల్పము నెలకొన్నది 2015లో. అప్పటికి ఆయన మరణించి నాలుగేండ్లు కావచ్చినది. రెండవవాడు అని మనము తేలికగా వ్రాసే మాట ఒక మనిషి బ్రతుకు మీద ఎంత బరువు మోపుతుందో ఈ సంగతి చెప్పుతున్నది.

ఆ బరువు మొదటివాని మీద కూడ పడినది. 1975 అక్టోబరు 1వ తేదీన మనీలాలో ఆలీ, ఫ్రేజియర్ మూడవసారి తలపడినారు. ఉదయపు వేళ, ఎండవేడిలో, 14 రౌండ్లు జరిగినవి. ఫ్రేజియర్ కన్నులు వాచి మూసుకొనిపోయినవి. 15వ రౌండుకు లేవబోతున్న ఫ్రేజియర్ ను శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఆపివేసినాడు. ఫ్రేజియర్ వలదన్నను వినలేదు. మూడు నిమిషములలో ముగిసే పోరును, గెలిచే అవకాశమును కూడ వదలుకొని, తన యోధుని ప్రాణము కాపాడినాడు. మన భాషలో శల్యసారథ్యమనే మాట ఉన్నది. దానికి సరిగా ఎదురు మాట లేదు. ఉంటే ఫచ్ సారథ్యమునకు తగి ఉండేది.

ఆలీ పక్షమున అట్లు ఆపేవారు లేకపోయినారు. ఉన్నవారి మాట చెల్లలేదు. 1977 సెప్టెంబరులో ఎర్నీ షేవర్స్ తో పోరు ముగిసిన తరువాత, ఇక విరమించుకొనుట మేలని హెచ్చరించిన వైద్యుడు ఫెర్డీ పచెకో ఆ బృందమును విడిచి వెళ్లినాడు. ఆలీ విరమించలేదు. 1980 అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. 1981 డిసెంబరులో చివరి పోటీ కూడ ఓడినాడు. 1984లో పార్కిన్సన్ వ్యాధి లక్షణములున్నట్లు వైద్యులు తేల్చినారు. ఎంతో చురుకైన నాలుక మూగబోయినది, చేతులు వణకినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వెలిగించినప్పుడు ఆ వణకు లోకమంతా చూచినది. ఆ వ్యాధికి దెబ్బలు ఎంతవరకు కారణమో వైద్యులు చర్చించుకొన్నారు. దెబ్బలకు ఓర్చుకొను శక్తి చేతనే ఆయన మొదటి స్థానము నిలుపుకొన్నాడని మాత్రము మనకు తెలుసు. ఆ శక్తిని మనము గొప్పతనముగా లెక్కించినప్పుడు, దాని ఖరీదును కూడ అదే పుటలో వ్రాయవలెను.

ఈ నలుగురిలో ఎవరూ నేడు జీవించి లేరు. ఫ్రేజియర్ 2011లోను, నార్టన్ 2013లోను, ఆలీ 2016లోను, ఫోర్మన్ 2025 మార్చిలోను కన్నుమూసినారు. వారి లెక్కలు ముగిసినవి. ఇక మార్పు లేదు. మారేది మన కొలబద్దలే. నా వరుస ఆలీ, ఫ్రేజియర్, ఫోర్మన్, నార్టన్. మీ వరుస వేరు కావచ్చును. మీ ఇంటిలో ఈ చర్చ వచ్చినప్పుడు, ఎవరు మొదటివాడు అని అడుగుటకు ముందు, దేనిలో మొదటివాడు అని ఒక్కసారి అడగండి. మొదటివాని పేరు చెప్పిన తరువాత, ఆయన ఎవరిని గెలిచి మొదటివాడైనాడో ఆ పేరు కూడ చెప్పండి.